ఎత్తైన గడ్డికి మినీ ట్రాక్టర్: హెచ్‌పీ లెక్క ఎక్కడ తప్పుతుంది?

క్లుప్తంగా: నడుము ఎత్తు దాటిన గడ్డిని మినీ ట్రాక్టర్‌తో కోయించాలనుకునే రైతు సాధారణంగా ముందు హెచ్‌పీ చూసి, దానికి సరిపోయే కట్టర్ వెడల్పు అడుగుతాడు. నిజానికి ముందు తేలాల్సింది కోసిన గడ్డి పశువుల మేతకా, తోటలోనే వదిలేయడానికా అన్నది. ఆ తర్వాత ట్రాక్టర్ క్లచ్ రకం, పీటీఓ (ఇంజిన్ శక్తిని వెనక పనిముట్టుకు అందించే ఇరుసు) వేగం, లింకేజీ (పనిముట్టును తగిలించే చేతులు) కొలతలు చూడాలి. వెడల్పు అన్నిటికన్నా చివర తేలే విషయం. 24 హెచ్‌పీ ట్రాక్టర్‌కు రెల్లు, ఊద లాంటి గడ్డిలో 4 అడుగుల స్లాషర్ (బ్లేడ్లను వేగంగా తిప్పి గడ్డిని కొట్టే పనిముట్టు) దాటితే ఇబ్బందే.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపైనా, గడ్డి కోసే యంత్రాలతో సహా చాలా వ్యవసాయ పనిముట్లపైనా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కాబట్టి గడ్డి కోతకు యంత్రం కొనాలన్న ఆలోచన రావడం సహజం. కొబ్బరి చెట్ల వరుసల మధ్య దూరేందుకు వీలుగా ఉండే 15 నుంచి 28 హెచ్‌పీ మినీ ట్రాక్టర్లు గోదావరి డెల్టాకు కొత్త కాదు. అయితే వాటిని ఇంతకాలం ఎక్కువగా రోటావేటర్‌కో, చిన్న ట్రక్కుకో, మందు కొట్టే పంపుకో వాడారు. గడ్డి కోతకు వాడాలన్న ఆలోచన వచ్చేసరికి మార్కెట్లో స్లాషర్, మల్చర్, ఫ్లెయిల్ మోవర్, కట్టర్ బార్ అంటూ రకరకాల పేర్లు ఎదురవుతాయి. “మీ బండి ఎంత హెచ్‌పీ?” అన్న ఒక్క ప్రశ్నతోనే బేరం కుదిరిపోతుంది. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

డెల్టాలో గడ్డి ఒక్కటి కాదు

తొలకరి పడి, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలాక డెల్టాలో గడ్డి పెరగడానికి అడ్డేమీ ఉండదు. ఒండ్రు నేల, పైకి ఉబికే ఊటనీరు, వేడి, తేమ అన్నీ కలుస్తాయి. దసరా నాటికి లంకల్లో రెల్లు తెల్లగా పూసి మనిషిని మించి నిలుస్తుంది. మెరక తోటల్లో గరిక చాపలా అల్లుకుంటుంది. పల్లపు చేలలో, బోదెల వెంట తుంగ, ఊద పెరుగుతాయి. నీరు నిలిచే చోట జమ్ము లేస్తుంది. పాడి ఉన్న ఇళ్లవారు గట్ల మీద సూపర్ నేపియర్ వేస్తున్నారు.

ఇవన్నీ పచ్చగానే కనిపించినా యంత్రానికి ఒక్కటి కాదు. గరిక కాడ సన్నగా ఉన్నా నేలబారున అల్లుకుని బ్లేడు కిందకు దొరకదు. రెల్లు కాడ గట్టిది, ముదిరితే చిన్న వెదురు బద్దలా విరుగుతుంది. తుంగ మెత్తనిది, నీటితో బరువెక్కి ఉంటుంది; కోసిన తుంగ కట్టర్ డెక్కు (బ్లేడ్ల పైన ఉండే ఇనుప కప్పు) లోపల ముద్దలా అంటుకుపోతుంది. నేపియర్ కాడ బొటనవేలంత లావుండి రసంతో నిండి ఉంటుంది. అందువల్ల ‘ఎత్తైన గడ్డి’ అన్న మాట ఒక్కటే యంత్రం ఎంపికకు చాలదు.

కొబ్బరి తోటలో గడ్డి కన్నా గడ్డిలో దాగినవి ఎక్కువ కష్టపెడతాయి. రాలిన మట్ట మొదలు మోకాలి ఎత్తు గడ్డిలో బయటికి కనిపించదు. ఎండిన మట్ట మొదలు అరచేయంత వెడల్పుతో, కర్ర చెక్కలాగే ఉంటుంది. దానితో పాటు డొక్కలు, గెలల ఈనెలు, ఎప్పుడో రాలిపోయిన కాయలు, పాత బోదె గట్టున మిగిలిన ఇటుక ముక్కలు ఉంటాయి. వీటికి తగిలినా విరగకుండా తప్పుకునే బ్లేడు ఉన్న యంత్రమే తోటలో నిలుస్తుంది.

కోతలో రెండు పద్ధతులు

గడ్డి కోసే యంత్రాలన్నిటి వెనకా రెండే సూత్రాలున్నాయి. ఒకటి కత్తెర పద్ధతి: రెండు అంచుల మధ్య కాడను ఇరికించి తెంపడం. రెండోది వేటు పద్ధతి: కాడ వంగే లోపే బ్లేడు అంత వేగంగా తగిలి తెగగొట్టడం.

కట్టర్ బార్ కత్తెర పద్ధతిలో పనిచేస్తుంది. పళ్ల వరుస మధ్య త్రికోణపు కత్తులు అటూ ఇటూ ఆడతాయి. దీనికి చాలా తక్కువ శక్తి చాలు. వెడల్పులో అడుగుకు సుమారు 1 నుంచి 2 హెచ్‌పీ. 15 హెచ్‌పీ బండి కూడా 5 అడుగుల బార్‌ను సులువుగా తిప్పుతుంది. గడ్డి ముక్కలు కాకుండా నిలువుగా తెగి పక్కకు ఒరుగుతుంది కాబట్టి మేతకు కట్టలు కట్టుకోవచ్చు. కానీ గాలివానకు పడిపోయి అల్లుకున్న గడ్డిలో కత్తుల మధ్య దారి మూసుకుపోతుంది, మట్ట ముక్క ఇరికితే కత్తి తునుగుతుంది. చదునుగా ఉన్న, రాయీ రప్పా లేని నేపియర్ మడికి కట్టర్ బార్ తగిన యంత్రం. కొబ్బరి తోటకు మాత్రం తగదు.

స్లాషర్ వేటు పద్ధతి యంత్రం. డెక్కు కింద గుండ్రటి పళ్లానికి రెండు బరువైన బ్లేడ్లు బోల్టులతో వేలాడుతూ ఉంటాయి. తిరిగే వేగానికి అవి బయటికి చాచుకుని నిలబడతాయి, గట్టి వస్తువు తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. ఆ ఒక్క కీలు వల్లే ఇది తోటల్లో బతుకుతోంది. దీనికి అడుగు వెడల్పుకు 3.5 నుంచి 5 హెచ్‌పీ దాకా పీటీఓ శక్తి కావాలి. ముదురు రెల్లులో పై అంకె వైపే పోతుంది. కోసిన గడ్డి చిన్నాభిన్నమై మట్టితో కలుస్తుంది కాబట్టి మేతకు పనికిరాదు, తోటలో కప్పుగా మాత్రం బాగుంటుంది.

ఫ్లెయిల్ మోవర్‌లో అడ్డంగా తిరిగే ఇరుసుకు డజన్ల కొద్దీ చిన్న బ్లేడ్లు వేలాడతాయి. గడ్డిని సన్నగా తురుముతుంది, రాళ్లను దూరానికి విసరదు, అందుకే రోడ్డు పక్కన, ఇళ్ల దగ్గర ఇది మేలు. కానీ అడుగుకు 6 నుంచి 8 హెచ్‌పీ అడుగుతుంది. పైగా మనిషెత్తు గడ్డి ఇరుసుకు చుట్టుకుంటుంది. మల్చర్ అని అమ్మేవాటిలో చాలావరకు ఈ జాతివే, అందులోనూ బరువైనవి. 24 హెచ్‌పీ బండికి వీటిలో 3 అడుగులు దాటకూడదు. డిస్క్, డ్రమ్ మోవర్లు ఎక్కువగా పెద్ద మేత మడులకు, పెద్ద ట్రాక్టర్లకు సంబంధించినవి. మినీ ట్రాక్టర్ చర్చలో వాటికి పెద్దగా చోటు లేదు.

రోటావేటర్‌తో సరిపెడితే?

ఉన్న రోటావేటర్‌తోనే గడ్డిని దున్నేస్తే కొత్త పనిముట్టు ఎందుకన్న ప్రశ్న సహజం. రోటావేటర్ ఇరుసు నిమిషానికి సుమారు 200 సార్లు తిరుగుతుంది, దాని బ్లేడు చివర వేగం సెకనుకు 5 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అది మట్టిని చీల్చే వేగమే కాని నిలబడ్డ గడ్డిని తెంపే వేగం కాదు. ఎత్తైన గడ్డి తెగకుండా ఇరుసుకు తాడులా చుట్టుకుంటుంది, దాన్ని కొడవలితో కోసి తీయడానికే గంట పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. గరిక కణుపులు, తుంగ గడ్డలు ముక్కలై నేలంతా పరుచుకుంటాయి, తడి తగలగానే ముక్క ముక్కా మొలుస్తుంది. కొబ్బరి పీల్చువేళ్లు ఎక్కువగా పైపొరల్లోనే ఉంటాయి కాబట్టి చెట్టు మొదలు దగ్గర ఏటా తిప్పే రోటావేటర్ వాటినీ తెంపుతుంది. దున్నకం అవసరమైన తోటలు లేకపోలేదు. గడ్డి ఎత్తు తగ్గించడమే పనైతే మాత్రం అది వేరే యంత్రం పని.

మరో మాట. కొన్ని చోట్ల షెడ్లలో పాత రోటావేటర్ గేర్‌బాక్స్‌తో స్లాషర్ తయారు చేసే ప్రయత్నాలు కనిపిస్తాయి. రోటావేటర్ గేర్‌బాక్స్ వేగాన్ని తగ్గించేది, స్లాషర్‌ది పెంచేది. రెండూ పైకి ఇనుప పెట్టెలే అయినా లోపలి లెక్క తిరగబడి ఉంటుంది.

అసలు చిక్కు క్లచ్‌లో ఉంది

ఎత్తైన గడ్డిలో డ్రైవరు మాటిమాటికీ చేయాల్సిన పని ఒక్కటే: బండిని నెమ్మదింపజేయాలి, బ్లేడు వేగం మాత్రం తగ్గనివ్వకూడదు. దట్టమైన దుబ్బు ఎదురైనప్పుడు ట్రాక్టర్ ఒక క్షణం ఆగి, డెక్కు కింద ఉన్నదాన్ని బ్లేడు నమిలి బయటికి తోసేదాకా నిలబడాలి.

ఒకే క్లచ్ ఉన్న ట్రాక్టర్‌లో ఇది కుదరదు. క్లచ్ తొక్కగానే చక్రాలతో పాటు పీటీఓకూ ఇంజిన్‌తో సంబంధం తెగుతుంది. గడ్డి ఎక్కడ ఎక్కువగా ఉందో సరిగ్గా అక్కడే బ్లేడు చతికిలబడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి డ్రైవర్లు హాఫ్ క్లచ్‌లో నడుపుతారు, నెలల్లోనే ప్లేటు కాలి వాసన వస్తుంది. తప్పు కట్టర్‌దని కట్టర్‌ను మార్చినా ఫలితం ఉండదు.

దీనికి తోడు మరో ప్రమాదం ఉంది. స్లాషర్ బ్లేడ్లు, పళ్లెం కలిసి బరువైన చక్రంలా పనిచేస్తాయి. ఒకే క్లచ్ బండిలో పీటీఓ ఇరుసు గేర్‌బాక్స్ ద్వారా చక్రాలకు కలిసే ఉంటుంది. డ్రైవరు క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేడ్లలోని ఊపు షాఫ్ట్ గుండా వెనక్కి వచ్చి చక్రాలను ముందుకు తోస్తుంది. బండి ఆగాల్సిన చోట ఆగకుండా రెండు మూడు గజాలు ముందుకు పోతుంది. బోదె అంచునో, చెరువు గట్టు మలుపులోనో ఆ గజాలే కీలకం. పీటీఓ ఇరుసుకు, దాన్ని స్లాషర్‌కు కలిపే జాయింట్ షాఫ్ట్‌కు మధ్య ఓవర్‌రన్నింగ్ క్లచ్ బిగిస్తే ఈ తోపు ఆగుతుంది. సైకిల్ వెనక చక్రంలో ఫ్రీవీల్ చేసే పనినే అది చేస్తుంది. ఒకే క్లచ్ బండికి స్లాషర్ తగిలించేవారికి ఇది తప్పనిసరి సరుకు.

డ్యూయల్ క్లచ్ ఉన్న ట్రాక్టర్‌లో పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగి పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. ఇండిపెండెంట్ పీటీఓ ఉంటే అది వేరే లివర్‌తోనే నడుస్తుంది. గడ్డి కోతకు పాత ట్రాక్టర్ కొనేటప్పుడు 3 హెచ్‌పీ ఎక్కువున్న ఒకే క్లచ్ బండి కన్నా, 3 హెచ్‌పీ తక్కువైనా డ్యూయల్ క్లచ్ ఉన్న బండే మేలు. అలాగే అన్నిటికన్నా తక్కువ గేరులో, ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు బండి గంటకు 2 కిలోమీటర్లకు దిగగలదో లేదో చూడాలి. దిగలేని బండి రెల్లులో చేసే పనంతా ఆగడం, రివర్స్ రావడమే.

540, 750: ఒక లివర్ తేడా

పీటీఓకు ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. కొన్ని మినీ ట్రాక్టర్లలో దీనితో పాటు 750 కూడా ఉంటుంది. స్లాషర్ గేర్‌బాక్స్ ఈ వేగాన్ని పెంచుతుంది. సాధారణంగా దొరికే నిష్పత్తులు 1:1.46, 1:1.93.

వేటు పద్ధతిలో గడ్డి శుభ్రంగా తెగాలంటే బ్లేడు చివర వేగం సెకనుకు 60 నుంచి 80 మీటర్ల మధ్య ఉండాలి. 4 అడుగుల, అంటే సుమారు 1.2 మీటర్ల స్లాషర్‌కు 1:1.93 గేర్‌బాక్స్ ఉంటే, 540 వద్ద బ్లేడు నిమిషానికి 1,042 సార్లు తిరుగుతుంది, చివర వేగం సెకనుకు 65 మీటర్లు వస్తుంది. అదే స్లాషర్‌కు పెద్ద కట్టర్ల కోసం ఉద్దేశించిన 1:1.46 గేర్‌బాక్స్ తగిలిస్తే వేగం 50 మీటర్ల లోపే ఆగిపోతుంది. అప్పుడు ముదురు కాడలు తెగుతాయి కాని గరిక, తుంగ వంగి మళ్లీ లేస్తాయి. కోత అయిన మర్నాడు తోట దువ్వినట్టు కనిపిస్తుందే తప్ప కోసినట్టు కనిపించదు.

లివర్ పొరపాటున 750లో ఉంటే సమస్య తిరగబడుతుంది. బ్లేడు చివర వేగం 90 మీటర్లు దాటుతుంది. వేగం 39 శాతమే పెరిగినా బ్లేడులో నిల్వ ఉండే శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. 540కి తయారైన గేర్‌బాక్స్ బేరింగులు, బ్లేడు బోల్టులు దానికి తగ్గవి కావు. డొక్క ముక్క తగిలి ఎగిరితే ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు. 540లో నడిచేటప్పుడే చుట్టూ 90 మీటర్ల వరకు మనుషులు, పశువులు ఉండకూడదన్నది ఈ యంత్రాల వాడకంలో సాధారణ హెచ్చరిక. డెక్కు ముందూ వెనకా గొలుసులు వేలాడదీసేది అందుకే. గడ్డి అడ్డం పడుతోందని వాటిని విప్పేయడం తరచుగా చూసే పొరపాటు.

వెడల్పు చివర తేలాలి

వెడల్పు లెక్కకు ఇప్పుడు వద్దాం. ట్రాక్టర్ బానెట్ మీద రాసేది ఇంజిన్ హెచ్‌పీ. పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అందులో సుమారు 85 నుంచి 90 శాతమే మిగులుతుంది. 24 హెచ్‌పీ బండిలో అది 20 నుంచి 21. దట్టమైన దుబ్బుల కోసం పావు వంతు పక్కన పెడితే నికరంగా వాడదగినది 15 హెచ్‌పీ. ముదురు గడ్డికి అడుగుకు 4 హెచ్‌పీ తగ్గదు కాబట్టి 4 అడుగుల దగ్గర లెక్క ముగుస్తుంది. 27, 28 హెచ్‌పీ బండ్లకు 5 అడుగులు మోకాలెత్తు పచ్చగడ్డిలో నడుస్తుంది, లంకలో రెల్లు కోయాలంటే వాటికీ 4 అడుగులే హాయి. 15 నుంచి 18 హెచ్‌పీ బండ్లకు మూడు అడుగులు దాటకూడదు.

ఈ శక్తంతా ఎక్కడికి పోతుందో ఒక సెకను లెక్కలో కనిపిస్తుంది. 1.2 మీటర్ల స్లాషర్‌తో గంటకు 3 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు సరిగ్గా చదరపు మీటరు గడ్డి డెక్కు కిందకు వస్తుంది. ఎకరానికి 10 టన్నుల పచ్చిగడ్డి ఉందనుకుంటే అది సెకనుకు రెండున్నర కిలోలు. బ్లేడు ఆ రెండున్నర కిలోలనూ తెంపడమే కాక, ఎత్తి, తిప్పి, డెక్కు వెనక నుంచి విసరాలి. శక్తిలో ఎక్కువ భాగం ఈ మోతకే ఖర్చవుతుంది, తెంపడానికి కాదు. మంచు తడితో ఉన్న గడ్డి ఇంకా బరువు. పొద్దెక్కి తడి ఆరాక మొదలుపెట్టినవారికి అదే బండి బలంగా అనిపించడానికి కారణం ఇదే.

మనిషెత్తు గడ్డిని ఒకే దఫాలో నేలబారుగా కోయడం ఏ మినీ ట్రాక్టర్‌కూ న్యాయం కాదు. మొదటి దఫా జానెడు ఎత్తున, రెండోది అడ్డంగా తిరిగి నాలుగు అంగుళాల ఎత్తున కోస్తే ఇంజిన్ మీద భారం పంచుకుపోతుంది, మట్ట మొదళ్లు కూడా మొదటి దఫాలోనే బయటపడతాయి.

వెడల్పుకు కింది హద్దు కూడా ఉంది. కట్టర్ ట్రాక్టర్ వెనక చక్రాల వెడల్పును పూర్తిగా కప్పాలి. చక్రాల బయటి అంచుల మధ్య 42 అంగుళాలుంటే 48 అంగుళాల స్లాషర్ సరిపోతుంది. చక్రాల వెడల్పు కన్నా చిన్నదైతే చక్రం తొక్కిన గడ్డి కోతకు దొరక్క మర్నాటికి లేచి నిలబడుతుంది. చిన్న బండికి టైర్లు బయటికి జరిపి బిగించుకునే అలవాటు ఉన్నచోట ఈ సంగతి మరవకూడదు.

లింకేజీ, బరువు, తడి నేల

పెద్ద ట్రాక్టర్ కోసం కొన్న స్లాషర్ సగం ధరకు దొరుకుతోందని తెచ్చుకున్నవారికి ఇంటి దగ్గర మొదటి అడ్డంకి పిన్నులు. కేటగిరీ 1 లింకేజీలో కింది పిన్ను లావు 22 మిల్లీమీటర్లు, రెండు కింది చేతుల మధ్య దూరం 683 మిల్లీమీటర్లు. కేటగిరీ 2లో ఇవి 28, 825. చాలా చిన్న బండ్లకు ఉండే ఇరుకు రకం, అంటే 1ఎన్‌లో, ఆ దూరం 400 మాత్రమే. వెల్డింగ్ చేసి తగిలించవచ్చు, కానీ అప్పుడు జాయింట్ షాఫ్ట్ పొడవు మారిపోతుంది. షాఫ్ట్ గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు దూరి ఉండాలి, స్లాషర్‌ను పూర్తిగా పైకెత్తినప్పుడు లోపల గుద్దుకోకూడదు. కొత్త షాఫ్ట్‌ను కొలవకుండా తగిలించి ఒక్కసారి లిఫ్ట్ చేస్తే చాలు, పీటీఓ బేరింగు పోతుంది. గేర్‌బాక్స్ దగ్గర షియర్ బోల్టు (భారం మించితే ముందుగా తెగి యంత్రాన్ని కాపాడేది) ఉంటే, అది తెగిన ప్రతిసారీ అదే మెత్తటి రకం బోల్టు వేయాలి. గట్టి బోల్టు వేస్తే ఈసారి తెగేది బోల్టు కాదు.

బరువు మరో అంశం. టన్నుకు అటూ ఇటూ తూగే మినీ ట్రాక్టర్‌కు 250 కిలోల స్లాషర్ వెనక వేలాడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. ముందు బంపరుకు బరువులు బిగించాలి. బిగిస్తే మొత్తం బరువు పెరిగి డెల్టా ఒండ్రు నేలలో చక్రాలు దిగబడతాయి. ఈ రెండింటి మధ్య ఇరుకే మినీ ట్రాక్టర్ అసలు పరిమితి. వాన వెలిసిన నాలుగైదు రోజుల దాకా పల్లపు తోటలోకి దిగకపోవడం ఒక్కటే దానికి మందు. చక్రాల గాడులు పడ్డ తోటలో తర్వాతి కోతకు కట్టర్ ఎత్తు ఒక్క తీరున నిలవదు.

చిన్న విషయంగా కనిపించే మరొకటి: పూసిన రెల్లు కోస్తే దూదిలాంటి పూత రేడియేటర్ జాలికి పొరలా పడుతుంది. గంటకోసారి ఆగి దులపకపోతే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతుంది. బండి బలం చాలలేదని అనుకునే సందర్భాల్లో కొన్ని ఈ జాలి దగ్గరే తేలిపోతాయి.

చెరువు గట్ల లెక్క వేరు

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువుల గట్ల పైభాగం వరకు మినీ ట్రాక్టర్ వెనక స్లాషర్ పనికొస్తుంది. ఏటవాలు మీదికి మాత్రం దించకూడదు. పొడవాటి చేయి చాచి ఏటవాలును కోసే యంత్రాలు ఉన్నాయి, కానీ చేయి చాచినప్పుడు పక్కకు ఒరగకుండా నిలబడేంత బరువు మినీ ట్రాక్టర్‌కు ఉండదు. గట్టు ఏటవాలుకు భుజాన వేసుకునే బ్రష్ కట్టరే ఇప్పటికీ సరైన సాధనం. బండి మీద రోల్ బార్ (బోల్తా పడితే డ్రైవరును కాపాడే ఇనుప చట్రం) ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి. రోల్ బార్ లేని పాత బండిని మెత్తబడ్డ గట్టు అంచు దగ్గరికి కూడా తీసుకుపోకూడదు.

సొంతమా, కిరాయా

4 అడుగుల స్లాషర్‌తో గంటకు 3 కిలోమీటర్ల వేగంలో, మలుపులు, అతుకులు పోను గంటకు సుమారు 70 సెంట్లు తేలుతుంది. ఎకరానికి దాదాపు గంటన్నర, గంటకు 3 నుంచి 4 లీటర్ల డీజిల్. 3 ఎకరాల కొబ్బరి తోటను ఏడాదికి నాలుగు సార్లు కోయిస్తే మొత్తం 17, 18 గంటల పని. మిగతా ఏడాదంతా స్లాషర్ షెడ్డులో తుప్పు పడుతుంది. ఇంత తక్కువ వాడకానికి ఒక్క రైతు సొంతంగా కొనడం లెక్కకు అందదు. పక్కపక్క తోటలవాళ్లు పదిమంది కలిస్తే అదే యంత్రానికి ఏడాదికి 170 గంటలు పైన పని దొరుకుతుంది. కిరాయికి తిప్పేవారికి కూడా ఆ మాత్రం గంటలు ఉంటేనే బ్లేడ్లు, బేరింగుల ఖర్చు పోను మిగులుతుంది.

కలిసి కొనేవాళ్లకు కోత తేదీలు పెద్ద చిక్కు కాకపోవచ్చు, ఎందుకంటే కొబ్బరి తోటల్లో దింపులు, అంటే కాయల కోతలు, వేర్వేరు వారాల్లో జరుగుతాయి. దింపుకు మూడు నాలుగు రోజుల ముందు గడ్డి కోయిస్తే పడిన కాయలు కంటికి కనిపిస్తాయి, ఏరేవాళ్లకు పాముల భయం తగ్గుతుంది. దింపు అయ్యాక మట్టలు, గెలలు తీసేయకముందే స్లాషర్ తిప్పితే మాత్రం, మూడు నెలలు రావాల్సిన బ్లేడ్ల జత ఒక్క తోటతోనే మొద్దుబారుతుంది. బ్లేడ్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే ఆ అదురు గేర్‌బాక్స్ సీళ్ల దాకా పోయి, కొన్నాళ్లకు డెక్కు మీద ఆయిల్ మరకగా బయటపడుతుంది.